లైక్ కొడతాం, స్టేటస్ పెడతాం, గ్రూపులో వేస్తాం

పోయిన నెల నకిరేకల్ దగ్గర చుట్టాలింట్లో పెళ్లి. భోజనాలయ్యాక మా మేనత్త నా పక్కన కూర్చుని, నా ఫోనులో ఫోటోలు చూస్తూ అన్నది: "అల్లుడా, గీ తలంబ్రాల ఫోటో మనోళ్ల గ్రూపుల ఏయి. నా నంబరుకు ఒకటి కొట్టు. స్టేటస్ మాత్రం పెట్టకు, నా చీర మంచిగ పడలేదండ్ల."

ఒకటే ఫోటో, పోవాల్సింది మూడు చోట్లకు. మూడింటికీ "పంపు" అన్నా పని జరిగేది. అత్త మాత్రం ఏయి, కొట్టు, పెట్టు అని మూడు క్రియలు వాడింది. చివర్లో చీర "పడలేదు" అని నాలుగోది కూడా కలిపింది. పత్తి చేన్లో పెరిగిన మనిషి, బడికి పోయింది ఐదో తరగతి దాకానే. అయినా ఏ మాటకు ఏ క్రియ కట్టాలో ఆమెకు రెప్పపాటు ఆలోచన కూడా పట్టలేదు. అదే నేను "గ్రూపుల పెడత, స్టేటస్ కొడత" అని ఉంటే? "గ్రూపుల పెడత" వరకు ఫరవాలేదు. "స్టేటస్ కొడత" మాత్రం పంటి కింద రాయి.

స్టేటస్‌కు తెలుగేంటి, అప్‌లోడ్‌కు తెలుగేంటి అని మనం ఇక్కడ చాలాసార్లు కొట్టుకున్నాం. (చూశారా, చర్చనూ కొట్టుకుంటాం.) నా ప్రశ్న వేరు. పేరు ఇంగ్లిష్ నుంచే రానీ, దాని పక్కన ఏ తెలుగు క్రియ కూర్చోవాలో ఎవరు తేలుస్తున్నారు? నాకు తోచింది రాస్తున్నా, తప్పుంటే దిద్దండి.

ముందు కొట్టు. ఒక్క దెబ్బకు అయిపోయే పనులన్నీ దీని కిందికే వస్తున్నాయి. లైక్ కొట్టు, మెసేజ్ కొట్టు, లొకేషన్ కొట్టు, ఫార్వర్డ్ కొట్టు. వీటికి ముందు నుంచే టైపు కొట్టు, స్టాంపు కొట్టు, ఫోన్ కొట్టు ఉన్నాయి. టైపు మిషన్ మీదైతే అక్షరాన్ని నిజంగానే కొట్టాలి, లేకపోతే కాగితం మీద పడదు. ఇప్పుడు ఫోను అద్దాన్ని తాకితే చాలు, అయినా కొడుతూనే ఉన్నాం. ఫేస్‌బుక్‌లో లైక్ బొత్తాం వచ్చింది 2009లో. దాన్ని మనవాళ్లు తీసుకుపోయి నేరుగా చప్పట్లు కొట్టు, సీటీ కొట్టు పక్కన కూర్చోబెట్టారు. మనకు మెచ్చుకోలంటే ముందునుంచీ చేతి చప్పుడే కదా.

కొట్టులో తొందర కూడా వినిపిస్తుంది. "ఫార్వర్డ్ చేశాడు" అంటే చదివి పంపాడేమో అనిపిస్తుంది. "ఫార్వర్డ్ కొట్టిండు" అంటే చదవలేదని అర్థం, అంతే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు పాకి, దేశంలో చాలాచోట్ల అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకసారికి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి తెచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలా చేతులు మారి వచ్చిన మెసేజీలైతే ఒకసారికి ఒక్క చాట్‌కే. కట్టడి ఫార్వర్డ్‌కు పెట్టారు గానీ, అసలు జబ్బు ఆ కొట్టులో ఉంది.

పెట్టు దీనికి పూర్తిగా ఎదురు. పెట్టినది కాసేపు ఉండాలి, నలుగురి కంట్లో పడాలి. బోర్డు పెట్టు, దీపం పెట్టు, పంచాయితీ పెట్టు, కేసు పెట్టు. పోస్టు, కామెంటు, స్టేటస్ ఈ ఇంట్లోకే కోడళ్లుగా వచ్చాయి. 2017 ఫిబ్రవరికి ముందు వాట్సాప్‌లో స్టేటస్ అంటే పేరు కింద ఉండే ఒక్క వాక్యం. తర్వాత అది 24 గంటలకు మాయమయ్యే ఫోటోలు, వీడియోలుగా మారింది. వస్తువు మొత్తం మారినా క్రియ మారలేదు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజు ఫోను తీసి చూడండి, మన జిల్లా మొత్తానికి ఒకటే స్టేటస్. 26 గేట్లలో ఎన్ని ఎత్తారన్న దాని మీద కూడా పందేలే.

ఇక్కడే ఇంకో సన్నటి తేడా ఉంది. "స్టేటస్ పెట్టిండు" అంటాం, డీపీ దగ్గరికి వచ్చేసరికి "పెట్టుకున్నడు" అవుతుంది. స్టేటస్ అన్నం పెట్టినట్టు, ఎదుటివాళ్ల కోసం. డీపీ బొట్టు పెట్టుకున్నట్టు, మన ముఖానికి మనం. ఈ "కొను" ఎక్కడ రావాలో మనకెవరూ నేర్పలేదు.

వేయు గుంపు క్రియ. ఓటు వేయు, ఉత్తరం డబ్బాలో వేయు, సాటింపు వేయు. మా ఊళ్లో నల్లా నీళ్లు రెండు రోజులు రావని చెప్పాలంటే ఒకప్పుడు డప్పుతో సాటింపు వేసేవారు. ఇప్పుడు పంచాయతీ గ్రూపులో వేస్తున్నారు. డప్పు పోయింది, వేయు ఉండిపోయింది.

మిగిలింది చేయు. షేర్ చేయు, డిలీట్ చేయు, ట్యాగ్ చేయు, బ్లాక్ చేయు. ఇది కచేరీ క్రియ, అంటే సర్కారు ఆఫీసుల క్రియ. నిజాం కాలంలో ఉర్దూ మాటలు కూడా మనకు దీని చెయ్యి పట్టుకునే వచ్చాయి: జారీ చేయు, దాఖలు చేయు, మంజూరు చేయు. నా అంచనా ఏమిటంటే, కొత్త మాట చేయుతో వచ్చి చుట్టంలా ముందరి అర్రలో కూర్చుంటుంది. ఇంటి మనిషి అయినంక కొట్టు దగ్గరికో పెట్టు దగ్గరికో వంటింట్లోకి నడుస్తుంది. లైక్ అట్లనే లోపలికి పోయింది. షేర్ ఇంకా ముందరి అర్రలోనే ఉంది.

మీ దిక్కు ఎట్లంటారో చెప్పండి.

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నా, మా దిక్కు స్టేటస్ ఏస్తం గూడ. "వాడు రోజుకు పది స్టేటస్‌లు ఏస్తడు" అంటం. అయితే నువ్వు చెప్పినంక ఒకటి తట్టింది. పది ఏసినోన్ని తిట్టేటప్పుడే "ఏస్తడు" వస్తుంది. మంచిగ ఒకటి పెడితే "పెట్టిండు" అనే అంటం. ఇంకోటి, లైకులు కొట్టు అంటవు, మరి వచ్చినయి అనేటప్పుడు "లైకులు పడ్డయి" అంటం గద. దెబ్బలు పడ్డట్టే.

నేను:
తమ్ముడూ, "ఏస్తడు"లో తిట్టు ఉన్నదన్నది నాకు తట్టనే లేదు. ఎరువు బుట్టలకొద్దీ ఏసినట్టన్న మాట. వేయు గుంపుకే కాదు, లెక్కలేనితనానికి కూడా అని దిద్దుకుంటా.

సూర్యాపేట, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
నాయనా, వేయు-పడు జంట అచ్చు యంత్రం నాటిది. అచ్చు వేయడం, పేపర్లో వేయడం, పేరు పేపర్లో పడడం. 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. అప్పుడు తెలంగాణలో తెలుగు పత్రిక అంటే సొంత ఖర్చుతో, ఒంటి చేత్తో లాగే బండి. ఇప్పుడు మీరు బ్లాగులంటున్నవాటికి అది పెద్దన్న అనుకోవచ్చు. ఆనాటి క్రియలే మీ ఫోన్లలోకి వచ్చి కూర్చున్నాయి. ఖాతాలో డబ్బు "పడడం" కూడా ఆ జంటలోదే, వేస్తే పడుతుంది.

నీ ముందరి అర్ర అంచనా మాత్రం నిలవదు. జప్తు, మంజూరు మన నోట్లోకి వచ్చి తరాలు గడిచాయి. ఈనాటికీ చేయు దగ్గరే ఉన్నాయి కదా. ఎప్పుడు వంటింట్లోకి పోతాయి? పైగా -ఇంచు సంగతి నీవు వదిలేశావు. ప్రేమించు, గమనించు లాగా అన్యదేశ్యానికి, అంటే పరభాషా మాటకు కూడా తగిలించి "గూగులించు" అంటున్నారు పిల్లలు. వినడానికి ముచ్చటగా ఉంది.

నేను:
మాస్టారూ, దొరికిపోయాను. కాకపోతే జప్తుతో ఎవరు చుట్టరికం కలుపుకుంటారండీ, దాన్ని ముందరి అర్రలోనే ఉంచడం మంచిది. మంజూరు విషయంలో మీదే పైచేయి. వచ్చిన కాలం కంటే ఎవరి నోట్లో తిరుగుతుందన్నది ముఖ్యమేమో. కచేరీ దాటి రాని మాట చేయు దాటి రాదు అని మార్చి చెప్పనా? "గూగులించు" నేను రాతలో చూశాను గానీ, మా అత్త నోట వినలేదు. ఆమె "గూగుల్ల కొట్టు" అంటుంది.

దేవరకొండ, పాత బ్లాగరు:
ఈ ముచ్చట్లో మా కాలాన్ని మరిచిపోయారు. లేఖిని అనే సైట్లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టుకుని, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలి సైట్లో మన పేరు పడిందా అని గంటకోసారి చూసుకున్న రోజులవి. "బ్లాగు" మాట ఉకారంతో ముగిసింది కాబట్టి దానికి ఏ కొట్టూ పెట్టూ అక్కర్లేకపోయింది. సాగు, వాగు లాగా నేరుగా క్రియ అయి కూర్చుంది. బ్లాగుతాను, బ్లాగాడు, బ్లాగడం, రాసేవాడు బ్లాగరి. గిట్టనివాళ్లు వాగుతో ప్రాస కలిపారు, అది వేరే కథ.

అయితే పోస్టుకు తెలుగు పెట్టబోయి మేం తెచ్చుకున్న తంటా చెప్పాలి. "టపా" అన్నాం. తప్పేమీ లేదు, తపాలా ఇంటి మాటే, మరాఠీలో ఇప్పటికీ టపాల్ అంటే పోస్టే. కానీ దాని వెనక ఏ క్రియ పెట్టాలి? రాయడం సరే. కొందరు సరదాగా "టపా కట్టాను" అన్నారు. మా దేవరకొండలో "ఫలానాయన టపా కట్టిండు" అంటే దినాలకు ఎప్పుడు పోవాలి అని అడుగుతారు. ఒకసారి నేను ఇంట్లో "రాత్రి టపా కట్టేసరికి ఒంటిగంట అయింది" అంటే మా అమ్మ చెయ్యి తీసి నెత్తి మీద ఒకటి వేసింది.

నేను:
ఇది చదివి ఆఫీసులో ఒక్కణ్ణే నవ్వుతూ కూర్చున్నా. నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీ అమ్మ చేసి చూపించారు. పేరు ఎంత అందంగా ఎంచినా, పక్కన చేరే క్రియకు ముందే ఒక బతుకు ఉంటుంది. "పోస్ట్ పెట్టిన" గెలిచింది అందుకేనేమో, పెట్టులో చావు వాసన లేదు.

పాలమూరు అక్క:
తమ్ముడూ, రెండు ముచ్చట్లు.

ఒకటి ఎక్కించు. దాన్ని మరిచినవ్. వీడియో యూట్యూబ్‌ల ఎక్కించిండు అంటం. మా పాలమూరు పిల్లలమర్రి, గా పెద్ద మర్రిచెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగి పడుతుంటే, 2018ల మందు కలిపిన సెలైన్ సీసాలు కట్టి చెట్టుకు ఎక్కించిండ్రు. సన్నటి గొట్టంల నుంచి చుక్క చుక్క. మా ఊరి నెట్‌కు వీడియో ఎక్కుడు గూడ గట్లనే ఉంటది, అందుకే నాకు ఆ క్రియ మీద అనుమానం లేదు. సెల్ఫీ దగ్గరకు రాండ్రి. తీసేటోడు ఉంటే ఫోటో తీసిండు అంటం, నిలబడ్డోడు ఫోటో దిగిండు అంటం. సెల్ఫీల ఇద్దరూ ఒక్కడే. అయినా మర్రి ఊడల కింద నిలబడి అందరూ "సెల్ఫీ దిగుదాం" అనే అంటరు. తీసుడు ఓడి దిగుడు గెలిచింది. తీసే చెయ్యి కంటే ముఖమే ముఖ్యమని మనోళ్లకు తెలుసు.

రెండోది నీ పెట్టు, పెట్టుకొను. స్టేటస్ ఎదుటోళ్లకు, డీపీ మనకు అన్నవు. మా నాయన పోయి మొన్నటికి ఏడాది. పొద్దున ఆయన ఫోటో ఒకటి దొరికింది, నాగలి భుజం మీద వేసుకుని నవ్వుతుంటడు. చెల్లె ఫోన్ చేస్తే "నాయన ఫోటో స్టేటస్ పెట్టుకున్న" అన్న. పెట్టిన అనలేదు. నీ రాత చదివినంక మళ్ల చెప్పి చూసుకున్న. "నాయన ఫోటో స్టేటస్ పెట్టిన" అంటే నా నోటికి అది వేరే ఎవరి నాయనో అన్నట్టు ఉన్నది.

నేను:
అక్కా, నా సూత్రం అక్కడే ఆగిపోయింది. డీపీకి, స్టేటస్‌కు మధ్య గీసిన గీత చెరిపేస్తున్నా. "కొను" వస్తువును బట్టి రావడం లేదు, ఎవరికి చెందుతుందన్న దాన్ని బట్టి వస్తోంది. నలుగురూ చూసేదే అయినా అది మీదే.

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నా, అంత బాగనే ఉన్నది. ఇంతకు మీ అత్త ఫోటో స్టేటస్ పెట్టకన్నది గద, ఎవరన్న పెట్టిండ్రా?

నేను:
పెట్టారు. నేను గ్రూపులో వేసిన పావుగంటకే మా పెద్దనాన్న మనవడు స్టేటస్ పెట్టాడు. ఆ రాత్రే అత్త నాకు ఫోన్ కొట్టింది. "పెట్టకు అంటే పెట్టిచ్చినవ్ గదరా" అని పది నిమిషాలు తిట్టింది, నేను కాదు వాడు అన్నా వినలేదు. చివరికి గొంతు తగ్గించి అడిగింది: "ఎంతమంది చూసిండ్రట?"