వరద నీళ్లలో మునిగిన 12 అంగుళాల రందా మిషన్: టేబుల్ పెదవి విరిగింది, బాగుపడుతుందా?

చేవటేకు:
అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన 12 అంగుళాల సర్ఫేస్ ప్లెయినర్ (చెక్కను చదును చేసే రందా మిషన్) ఒకటి పాత ఇనుము ధరకు దొరికింది. పేరు పలక లేదు, మొత్తం పోత ఇనుమే. టేబుళ్లు రెండూ కలిపి 5 అడుగులు. టేబుళ్ల మధ్య తిరిగే గుండ్రటి కట్టర్ బ్లాకు, దానికి మూడు బ్లేళ్లు. చేత్తో తిప్పితే బేరింగులు ఇసుక నలిగినట్టు గరగరమంటున్నాయి. వెనక టేబుల్ పెదవి, అంటే బ్లాకు పక్కనుండే అంచు, ఫెన్సు (చెక్కను ఆనించే పక్క గోడ) వైపు 80 ఎంఎం పొడవున, 10 ఎంఎం లోతున ఊడిపోయింది. ఒక బేరింగ్ హౌసింగ్ (బేరింగు కూర్చునే పోత గూడు) పాదం దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తోంది. అది పగులో, పోతలో పడిన మచ్చో తెలియడం లేదు. ముందు టేబుల్ కదలడం లేదు. 2 హెచ్‌పి త్రీఫేజ్ 1440 ఆర్‌పిఎం (నిమిషానికి చుట్లు) మోటారు కూడా నీళ్లు తాగింది. దాని బదులు 2880 మోటారు చవగ్గా ఇస్తామంటున్నారు. వెల్డింగ్ షాపులో పెదవి అతికిస్తామంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

పోతఇనుము:
వెల్డింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ మిషన్ మీద ఇంకో రూపాయి పెట్టాలా వద్దా అన్నది తేల్చేవి హౌసింగ్ గీత, బ్లాకు షాఫ్టు. ముందు ఆ రెండూ చూడండి.

గీత ఉన్నచోట పెయింటు గీకి, కిరసనాయిలు పూసి పది నిమిషాలు ఉంచండి. పొడిగుడ్డతో బాగా తుడిచి పైన సుద్ద రుద్దండి. పగులైతే లోపల చేరిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి తడిగీత తేలుతుంది. పోత మచ్చైతే సుద్ద పొడిగానే ఉంటుంది. హౌసింగ్ విప్పి తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టినా తెలుస్తుంది. మంచి పోత గణగణమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. పగులని తేలితే దాన్ని అతికించి వాడొద్దు. మైల్డ్ స్టీల్ దిమ్మె నుంచి కొత్త హౌసింగ్ బోరింగ్ చేయించుకోండి, రెండో హౌసింగ్ కొలతలే దీనికీ. యూసీపీ 205 ప్లమ్మర్ బ్లాకు (బజారులో బేరింగుతో సహా దొరికే రెడీమేడ్ హౌసింగ్) పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. దాన్ని షాఫ్టుకు పట్టేది పక్క స్క్రూ, అది షాఫ్టును ఒక పక్కకు నెడుతుంది. పిండిగిర్నీకి సరిపోతుందేమో గానీ బ్లేడు తిరిగే వలయానికి పనికిరాదు.

షాఫ్టు సంగతి. ఈ సైజులో ఎక్కువగా 6205 బేరింగు ఉంటుంది: లోపల 25, బయట 52, మందం 15 ఎంఎం. కొనేముందు పాతదాని అంచు మీద నంబరు చదవండి. పుల్లర్‌తో లాగాక షాఫ్టును మైక్రోమీటరుతో కొలవండి. 25.00 కంటే ఒకటి రెండు వందో వంతులు తగ్గితే రిటైనింగ్ కాంపౌండుతో (బేరింగును షాఫ్టుకు పట్టి ఉంచే జిగురు) సరిపెట్టవచ్చు. అంతకు మించి అరిగితే మెటల్ స్ప్రే చేయించి గ్రైండింగ్ పట్టించాలి. సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి బిగుతు చేసే అలవాటు చాలా లేత్ షాపుల్లో ఉంది. ఆ చుక్కలు నెలలోపే నలిగిపోయి షాఫ్టు మళ్లీ లోపలి రింగులో తిరుగుతుంది.

కొత్త బేరింగులు 2ఆర్ఎస్ రకం, అంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి తీసుకోండి, రంపపు పొట్టు లోపలికి పోదు. వాటిని మరిగే నూనెలో వేయకూడదు, గ్రీజు పోతుంది. లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క పెట్టి నొక్కాలి. దెబ్బ బయటి రింగు మీద పడితే గోళీల బాట మీద గుంటలు పడి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి ఏడుస్తుంది. ఒక పక్క బేరింగు హౌసింగులో కదలకుండా ఉండాలి, రెండో పక్క అర ఎంఎం జరిగే వీలుండాలి. వేడికి షాఫ్టు సాగుతుంది కదా.

బ్లేళ్లు విప్పేముందు ప్రతి గాడికీ, అందులోని బిగింపు పట్టీకీ పంచ్‌తో ఒకే నంబరు కొట్టండి. పట్టీలు తారుమారైతే బ్లాకు బ్యాలెన్స్ తప్పుతుంది. బ్లేళ్లను కూడా త్రాసులో వేసి చూడండి, మూడింటి మధ్య ఒకటి రెండు గ్రాములకు మించి తేడా ఉండకూడదు. తుప్పు పట్టిన బోల్టులు మళ్లీ వాడొద్దు, మొత్తం సెట్టు మార్చేయండి. గుండ్రటి బ్లాకు ఉండటం మీ అదృష్టం. చేత్తో తోసే ప్లెయినర్లలో నలుచదరపు బ్లాకును బ్రిటన్ 1922లోనే నిబంధన పెట్టి ఆపించింది. మన దగ్గర పాత మిషన్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది.

వైండింగ్‌అన్న:
2880 మోటారు చవగ్గా వచ్చినా ముందు పుల్లీలు కొలవండి. 1440 మోటారుకు 10 అంగుళాల పుల్లీ, బ్లాకుకు 3 అంగుళాలది ఉంటే 1440 × 10 ÷ 3 = 4800 ఆర్‌పిఎం. అదే పుల్లీతో 2880 మోటారు తగిలిస్తే 9600. ఆ వేగానికి బ్లేడును బయటికి లాగే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. బ్లేడు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. 2880 మోటారే పెట్టాలంటే దాని మీద 5 అంగుళాల పుల్లీ వేయండి, మళ్లీ 4800 వస్తుంది.

పాత మోటారును మాత్రం అప్పుడే పాతసామానుకు వేయకండి. విప్పి, బురద మంచినీళ్లతో కడిగి, లోపల 100 వాట్ల బల్బు పెట్టి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకూ బాడీకీ మధ్య చూడండి. 1 మెగాఓమ్‌కు తగ్గితే ఇంకా ఆరాలి. ఎంత ఆరినా లేవకపోతే రీవైండింగే.

ఇంట్లో సింగిల్ ఫేజే ఉంటే టెర్మినల్ పెట్టెలో ఆరు తీగలున్నాయేమో చూడండి. 415 వోల్టుల స్టార్ కనెక్షన్ మోటారైతే ఆ తీగలను డెల్టా కనెక్షన్‌లోకి మార్చి, 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ వీఎఫ్‌డీతో (సింగిల్ ఫేజ్‌ను త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే డ్రైవ్) నడపవచ్చు. 1.5 కిలోవాట్ల వీఎఫ్‌డీ సరిపోతుంది. దానికి విడిగా 16 ఆంపియర్ లైను వేయించుకోండి.

చేవటేకు:
పోతఇనుము గారూ, కిరసనాయిలు పరీక్ష చేశాను, సుద్ద పొడిగానే ఉంది. తట్టినా బాగానే మోగుతోంది. షాఫ్టు 24.99 వచ్చింది. ఇక టేబుళ్లు, పెదవి ఏం చేయమంటారు?

మూలమట్టం:
అన్నా, టేబుల్ సంగతి నేను చెప్తాను. ముందు టేబుల్ కదలకపోవడానికి కారణం దాని కింద డవ్‌టెయిల్ జారుడులో (టేబుల్ జారే ఏటవాలు గాడి) పట్టిన తుప్పు. పక్కన గిబ్ పట్టీ (ఆ జారుడు వదులును సర్దే పట్టీ) స్క్రూలుంటాయి. వాటి లాక్‌నట్లు వదులు చేసి, డీజిలూ గేర్ ఆయిలూ సగం సగం కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చెక్కదిమ్మె అడ్డం పెట్టి తట్టండి. ఇనుప సుత్తి నేరుగా తగిలితే పోత పెళుసుగా విరుగుతుంది. కదలకపోతే గాలి వేడితో నెమ్మదిగా వేడి చేయండి. వేడి మీద నీళ్లు మాత్రం చల్లొద్దు.

పైన తుప్పుకు యాంగిల్ గ్రైండరు పెట్టకండి, టేబుల్లో పళ్లెంలాంటి గుంటలు పడతాయి. చదునైన టేకు దిమ్మెకు 220 ఎమరీ చుట్టి కిరసనాయిలుతో, ఆపై 400తో పొడవునా రుద్దండి. నల్లమచ్చలు మిగిలితే మిగలనీయండి, పనికి అడ్డం రావు.

పెదవికి వెల్డింగ్ వద్దన్నది నా మాట కూడా. అక్కడ పోత పలచన, వేడికి టేబుల్ వంకర పోతుంది. విరిగింది ఫెన్సు వైపే కాబట్టి అంచులు ఆకురాయితో గుండ్రం చేసి, ఫెన్సు ముందుకు జరిపి 8, 9 అంగుళాల వెడల్పుతో వాడుకోవచ్చు. పూర్తి వెడల్పు కావాలంటే టేబుల్ అంచున 25 ఎంఎం వెడల్పు, 6 ఎంఎం లోతున మిల్లింగుతో మెట్టు తీయించాలి. అందులో పూర్తి 12 అంగుళాల స్టీలు పట్టీ కూర్చోబెట్టి, 50 ఎంఎంకొకటి చొప్పున ఎం6 కౌంటర్‌సంక్ (తల లోపలికి దిగే) స్క్రూలు బిగించాలి. 80 ఎంఎం ముక్కకే అతుకు వేస్తే ఆ సందులో చెక్క తట్టుకుంటుంది. పట్టీ కింద అంచును ఏటవాలుగా కోసి, బ్లేడు వలయానికీ పట్టీకీ మధ్య 3 నుంచి 5 ఎంఎం ఉంచండి. చివర్లో టేబుల్ పైభాగం మొత్తం ఒకేసారి పలచగా గ్రైండింగ్ చేయించాలి.

బిగించాక రెండు టేబుళ్లనూ ఒకే ఎత్తుకు తెచ్చి, పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని అంచున్న పట్టీ) రెంటిమీదా పెట్టండి. సందు కొలిచే 0.1 ఎంఎం ఫీలర్ రేకు ఎక్కడా దూరకూడదు. బయటి కొన వాలితే జారుడులో ఆ కొన వైపు ఇత్తడి షిమ్ము (ఎత్తు సర్దే పలచని రేకు) వేయండి. కూల్‌డ్రింకు డబ్బా రేకు కూడా సుమారు 0.1 ఎంఎం ఉంటుంది, అవసరానికి పనికొస్తుంది. టేబుళ్ల వాలు పట్టడానికి రెండు చెక్కల అంచులు చిత్రిక పట్టి ఎదురెదురుగా ఆనించండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే బయటి కొనలు వాలాయి. చివర్లలో కనిపిస్తే కొనలు లేచాయి.

బ్లేడు బ్లాకు నుంచి 1 ఎంఎం మాత్రమే బయటికి రావాలి. వెనక టేబుల్ మీద స్కేలు పెట్టి, అది బ్లేడు మీదుగా పోయేలా ఉంచి బ్లాకును చేత్తో తిప్పండి. మూడు బ్లేళ్లూ రెండు చివర్లా స్కేలును ఒకేలా 2, 3 ఎంఎం ముందుకు జరపాలి. ఆపై వెనక టేబుల్‌ను బ్లేడు మొన ఎత్తుకు సరిచేయండి. టేబుల్ కిందికుంటే చెక్క చివర గుంట పడుతుంది, పైకుంటే చెక్క తల టేబుల్ అంచుకు తట్టి ఆగుతుంది.

బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో బిగించండి. పక్కన నిలబడి ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, కరెంటు తీసేసి, ప్రతి బోల్టూ మళ్లీ చూడండి.