అప్‌డేట్: గేట్‌వే నుంచి రాత్రిపూట వెళ్లిన విదేశీ కాల్స్, కారణం దొరికింది

మా ఆఫీసు వాయిప్ గేట్‌వే (ఇంటర్నెట్ కాల్స్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం) నుంచి రాత్రిళ్లు మేం చేయని అంతర్జాతీయ కాల్స్ వెళ్తున్నాయని పోయిన నెల అడిగాను కదా, అది తేలింది. సాయం చేసిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా పాస్‌వర్డుల సంగతి తర్వాత, ముందు కాల్ ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి వస్తోందో చూడమన్నవారికి.

నెట్‌వర్క్ ఇంజినీరు లాగ్ తీసి చూస్తే సిప్ (ఇంటర్నెట్ కాల్స్ కలిపే పద్ధతి) వాడే 5060 పోర్టు ఇంటర్నెట్ మొత్తానికీ తెరిచే ఉంది, పైగా ఎక్కడి నుంచి సిప్ కాల్ వచ్చినా గేట్‌వే లాగిన్ అడగకుండానే బయటి లైనుకి కలిపేస్తోంది. నేను రెండుసార్లు ఎక్స్‌టెన్షన్ల (ఆఫీసు లోపలి ఫోన్ నంబర్ల) పాస్‌వర్డులు మార్చి టెన్షన్ పడ్డాను గానీ దానికీ దీనికీ సంబంధమే లేదు, ఆ కాల్స్ చేసినవాళ్లు పాస్‌వర్డ్ వాడనే లేదు. పోర్టు నంబరు మారిస్తే రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది.

పనిచేసింది ఇది: ఫైర్‌వాల్‌లో, గేట్‌వేలో కూడా సిప్‌ని మా పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్), ఫోన్ ప్రొవైడర్ ఐపీలకే పరిమితం చేశాం. అంతర్జాతీయ డయలింగ్ మాకు అక్కర్లేదు కాబట్టి ప్రొవైడర్ దగ్గరే ఆపించాం. దయచేసి ఇదే సమస్య ఉన్నవాళ్లు అంతర్జాతీయ కాల్స్ మొదటి రోజే ఆపించండి, బిల్లు అక్కడితో ఆగుతుంది. బయటికి కనబడుతున్న అడ్మిన్ పేజీని కూడా మూసేశాం.

3 వారాలైంది, లాగ్‌లో తెలియని కాల్ ఒక్కటీ లేదు.