‘పారంపర్యాచారములను చేపట్టుడి’ అని ఎక్కడైనా ఉందా?

పాతపుస్తకం:
మూడు రోజుల్నుంచి ఒక వాక్యం నోట్లో నానుతోంది. “మా నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను మీకు బోధింపబడిన పారంపర్యాచారములను చేపట్టుడి” అని మా నానమ్మ చదువుతుంటే విన్నట్టు గుర్తు. బైబిలు తీసి చూస్తే, పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన రెండో పత్రికలో, 2 థెస్సలొనీక 2:15లో “విధులను చేపట్టుడి” అని ఉంది. నేనే ఎక్కడిదో తెచ్చి కలిపేసుకున్నానా, లేక ఏదైనా పాత ముద్రణలో అలా ఉండేదా?

గసడదవ:
మార్కు 7 నుంచి కలిపేసుకుని ఉంటారు, అక్కడ యేసు పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరుల పారంపర్యాచారాన్ని తప్పుపడతాడు. కానీ మీ చెవిది తప్పు కాదండీ, గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, పరదోసిస్, అంటే ఒకరు ఇంకొకరికి అందించినది. పరిసయ్యులదైతే పారంపర్యాచారము, కొలొస్సయి 2:8లో మనుష్యులదైనా పారంపర్యాచారమే, అదే పౌలు సంఘాలకి ఇచ్చినదయ్యేసరికి 1 కొరింథీ 11:2లో ‘కట్టడలు’, ఇక్కడ ‘విధులు’, 2 థెస్స 3:6లో ‘బోధన’. కాదనాల్సినచోట ఒక పేరు, పాటించాల్సినచోట ఇంకో పేరు. చర్చిలో చేసే పనికి ఆధారం లేఖనం ఒక్కటేనా, పరంపర కూడానా అని వందల ఏళ్లుగా తగువు నడుస్తుంటే మన అనువాదం అది చదివేవాడి కంట పడకుండానే తీర్పు చెప్పేసింది. నాకిది చిన్న విషయంగా అనిపించట్లేదు.

అరసున్న:
అన్నా, నేను ఒప్పుకోను. పారంపర్యాచారంలో ఆచారం ఉంది, అంటే చేసే పని. థెస్సలొనీక రెండో అధ్యాయం ఎక్కువగా రాకడ, అంటే క్రీస్తు తిరిగి రావడం గురించిన బోధ, దాన్ని ఆచారం అంటే అర్థం కుంచించుకుపోతుంది. ఇంకోటి చూడు, 1611 కింగ్ జేమ్స్ బైబిల్ ఇంగ్లిష్‌లో కొరింథీ దగ్గర ‘ఆర్డినెన్సెస్’ ఉంది, మన ‘కట్టడలు’ దానికి సరిగ్గా సరిపోతుంది, కానీ థెస్సలొనీకలో ఆ ఇంగ్లిష్ ‘ట్రెడిషన్స్’ అనే అంటుంది. మనవాళ్లు దాని వెంట పోకుండా ‘విధులు’ అన్నారంటే ఆలోచించే అన్నారు.

గసడదవ:
ఆలోచించే చేశారనేగా తమ్ముడూ నేనంటున్నదీ.

బండిర:
సాంప్రదాయం అని పెట్టుంటే గొడవే లేకపోను, మంచికీ చెడుకీ రెంటికీ సరిపోతుంది.

యడాగమం:
ముందు ఆ దీర్ఘం తీసెయ్యండి. సంప్రదాయం. దీర్ఘం కావాలంటే సాంప్రదాయికం అనాలి. కానీ మీరన్న మాట మాత్రం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే సం, ప్ర తీసేస్తే మిగిలేది ‘దా’, ఇవ్వడం. పరదోసిస్‌లో దోసిస్ కూడా ఇవ్వడమే, మందు డోసు అంటామే, ఆ మాట దాన్నుంచి వచ్చిందే, మన దా ధాతువుకి చుట్టం. లాటిన్ ట్రదీషియోలోనూ ఇవ్వడమే ఉంది. పారంపర్యంలో అది లేదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే వరస మాత్రమే ఉంది. ఇచ్చిందెవరు అన్నదే అసలు తగువైనప్పుడు ఇచ్చేవాడే లేని మాట వాడితే ఎలాగండీ?

పాతపుస్తకం:
ఇవ్వడం అనగానే 1 కొరింథీ 11:23 తీశాను. “నేను మీకు అప్పగించిన దానిని ప్రభువువలన పొందితిని”, ఆ పక్కనే “తాను అప్పగింపబడిన రాత్రి”. గ్రీకులో రెండూ ఒకే క్రియ, పరదోసిస్ వచ్చింది కూడా దాన్నుంచే. 1611 ఇంగ్లిష్‌లో ఒకటి డెలివర్డ్, ఇంకోటి బిట్రేడ్ అయిపోయి ఆ ముడి తెగిపోయింది, తెలుగులో అప్పగింత అలాగే నిలిచింది. చర్చిలో ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, దగ్గర ఎన్నిసార్లు విన్నానో, ఇప్పటిదాకా గమనించలేదు.

అరసున్న:
ఇది మాత్రం భలే పట్టారు. కానీ అది ప్రభువువలన పొందానని పౌలే చెప్తున్నాడు. అసలు రాతలోకే ఎక్కనివాటి సంగతేంటి? 4వ శతాబ్దంలో బిషప్ బాసిలు పరిశుద్ధాత్మ గురించి రాస్తూ సిలువ గుర్తు వేసుకోవడం, తూర్పుకి తిరిగి ప్రార్థించడం ఏ లేఖనం నేర్పింది అని తనే అడిగి, రాయకుండా అందినవి అని తనే చెప్తాడు. ప్రొటెస్టెంట్ సంస్కరణవాదులు పట్టుబట్టింది సరిగ్గా ఇక్కడే, రక్షణకి కావలసిందేదీ లేఖనం బయట ఉండదని.

యడాగమం:
వాళ్లకి జవాబుగా 1546లో కతోలిక బిషప్పుల ట్రెంట్ సభ చేసిన తీర్మానం ఉంది కదా, అందులో ఒక్క మాట చూడండి. చిత్తుప్రతిలో సత్యం ‘కొంత’ రాసిన పుస్తకాల్లో ‘కొంత’ రాయని పరంపరల్లో అని ఉండేది, లాటిన్‌లో ‘పార్తిం, పార్తిం’. చివరికి అవి కొట్టేసి ‘ఎత్’ పెట్టారు. పుస్తకాల్లోనూ పరంపరల్లోనూ అన్నమాట. ఆ ‘నూ’ అంటే చెరిసగమా, లేక రెండిట్లోనూ ఉన్నది ఒకటేనా అని 20వ శతాబ్దం దాకా వాదించుకున్నారు. ఇప్పుడు మన వాక్యంలో ‘ఐనను, ఐనను’ చూడండి, అదే పేచీ. నోటితో చెప్పిందీ పత్రికలో రాసిందీ ఒకటే సరుకైతే నోటిమాట అనే వేరే ఆధారం అక్కర్లేదు. వేరైతే ఉన్నట్టే. నా లెక్కలో ‘ఐనను’ అంటే ఏ దారిన వచ్చినా సరే అని, అంతకుమించి దాన్నుంచి పిండలేం.

బండిర:
నా బుర్ర ఇంకా ఆచారం దగ్గరే ఆగిపోయింది. “ఆత్మశుద్ధి లేని యాచారమది యేల, భాండశుద్ధి లేని పాకమేల”. మార్కు 7:4లో గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు కడగడం, వేమన దగ్గర భాండశుద్ధి! ఇద్దరూ కుండ దగ్గరికే వచ్చారు చూడండి, ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

యడాగమం:
వేమన కుండ కడగొద్దనట్లేదండీ, కడగని కుండలో వంట దండగ అంటున్నాడు. కుండ మనసుకి పోలిక. పోల్చాలంటే మార్కు 7 కంటే మత్తయి 23 దగ్గర, గిన్నె ముందు లోపల శుద్ధి చెయ్యమన్న మాట. వేమన ఆచారాన్నే వద్దన్నాడని చాలామంది అనుకుంటారు, ‘లేని’ అన్న మాటని మింగేసి చదువుతారు.

గసడదవ:
నామవాచకం పక్కన పెట్టి క్రియ చూడండి ఒకసారి. మార్కు 7:8లో పారంపర్యాచారమును ‘గైకొనుచున్నారు’, ఇక్కడ విధులను ‘చేపట్టుడి’. గ్రీకులో క్రియ కూడా ఒకటే, గట్టిగా పట్టుకోవడం. అంటే పట్టుకోవడం తప్పు కాదు, ఎవరు ఇచ్చింది పట్టుకున్నాం అన్నదే తేడా. తెలుగులో మాటలు వేరైనా రెండిట్లోనూ చెయ్యి ఉంది, ‘గై’ అంటే కై, చెయ్యే కదా.

బండిర:
ఆ కై చతుర్థి కై కాదూ? కొఱకున్, కై?

యడాగమం:
కాదండీ, కైవసంలో కై, కైసేతలో కై.

అరసున్న:
అలా అయితే 1 కొరింథీ 11:2లో కట్టడలను కూడా ‘గైకొనుచున్నారు’ అనే ఉంది అన్నా, అక్కడ గ్రీకు క్రియ వేరు. చేతి లెక్క అంత తేలిగ్గా కుదరదు.

పాతపుస్తకం:
అన్నీ రాసి పెట్టుకున్నాను. కానీ ఎవరి దగ్గరైనా బాగా పాత ముద్రణ ఉంటే 2:15 ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టండి. ‘చారములను’ అని నానమ్మ సాగదీసిన గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంది.