సీతాకోకచిలుకల పెట్టెల్లో పురుగు పోవట్లేదు, ఫ్రీజర్‌లో ఎన్ని రోజులు పెట్టాలి?

కాకినాడలో మా ప్రకృతి పరిశీలన సంఘానికి రెండు గదుల చిన్న మ్యూజియం ఉందండి, జీతాలేం లేవు, ఆదివారం వచ్చి చూసుకునేవాళ్ళమే అందరం. పిన్ను గుచ్చిన సీతాకోకచిలుకలు, పేడపురుగులు 14 చెక్క పెట్టెల్లో ఉన్నాయి, జూలై నుంచి 5 పెట్టెల్లో పిన్నుల కింద గోధుమరంగు పొడి రాలుతోంది, భూతద్దం పెట్టి చూస్తే నూగున్న చిన్న చిన్న కుబుసాలు, అంటే డెర్మెస్టిడ్ (ఎండిన పురుగుల్ని, చర్మాన్ని తినే చిన్న పెంకుపురుగు జాతి) పురుగే. ఒక కామన్ మార్మన్ సీతాకోకచిలుకకి పొట్టంతా తినేసి రెక్కలు మాత్రం వదిలింది.

ముందు కలరా ఉండలు పెట్టాం, మాకు తలనొప్పి వచ్చింది గానీ దానికేం కాలేదు. తర్వాత పెట్టెల్ని పాలిథిన్ కవర్లో చుట్టి గాలి తీసి టేపేసి, ఇళ్ళల్లో వాడే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర 3 రోజులు ఉంచాం, తీశాక చెమ్మ పట్టకూడదని 24 గంటలు కవర్ విప్పలేదు. నెలంతా బానే ఉంది, 5 వారాలకి మళ్ళీ అదే పొడి. గుడ్లు చావలేదేమో అని నా అనుమానం. స్కూలు పిల్లలొస్తారు కాబట్టి మందు కొట్టే ఉద్దేశం లేదు.

ఇలా చేసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, మైనస్ 18లో గుడ్లతో సహా చావాలంటే ఎన్ని రోజులు ఉంచాలి?