అప్‌లోడ్ కాంపొనెంట్ ఒక్కటే ఉండాలా, స్క్రీన్‌కొకటి రాసుకోవాలా?

తోతాపురి (చిత్తూరు):
మా టీమ్‌లో నెల రోజులుగా తెగని తగువు ఇది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రియాక్ట్‌లో వెబ్ యాప్ చేశాం. రైతు లోడు తెచ్చి కాటా వేయించి, కాటా చీటీని ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కించాలి. రైతు వివరాల పేజీలో పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ పెట్టాలి. ఆఫీసు వాళ్లు నెలాఖరుకు ఎక్సెల్ షీటు ఎక్కిస్తారు. మొత్తం నాలుగు చోట్ల అప్‌లోడ్. నేను ఒకే కాంపొనెంట్ (స్క్రీన్లలో మళ్లీ మళ్లీ వాడుకునే ముక్క) రాసి నాలుగు చోట్లా పెట్టాను. ఇప్పుడు దానికి ముప్పై దాకా ప్రాప్స్ (బయటి నుంచి ఇచ్చే సెట్టింగులు) అయ్యాయి. మా సీనియర్ "అది తీసేసి నాలుగుగా రాయి" అంటున్నాడు. ఒకే తప్పును నాలుగు చోట్ల దిద్దుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ_కుర్రోడు (తిరుపతి):
నేను మీ సీనియర్ పక్షమే అన్నా. ముప్పై ప్రాప్స్ ఉంటే అది కాంపొనెంట్ కాదు, దరఖాస్తు ఫారం. మేం ఇక్కడ లాడ్జీలకు చెకిన్ యాప్ చేస్తాం. తెల్లవారుజామున 3 గంటలకు బస్సు దిగిన యాత్రికుడు, చంకలో పిల్లాడితో కౌంటర్ దగ్గర నిలబడతాడు. అతనికి కావాల్సింది పెద్ద బటన్ ఒకటి: నొక్కితే కెమెరా రావాలి, ఆధార్ ఫొటో తీయాలి, అంతే. మీ ఎక్సెల్ స్క్రీన్‌కు మాత్రం ఫైల్ లాగి పడేసే డబ్బా కావాలి. ఈ రెంటికీ పొంతన ఎక్కడుంది? పైగా ఆధార్ ఎవరి కంటా పడని చోట ఉండాలి. కాటా చీటీ అకౌంట్స్ వాళ్లందరూ చూడాలి. ఒకే డబ్బాలో వేస్తే ఎప్పుడో ఒకరోజు తప్పు ఫోల్డర్‌లో పడుతుంది.

రేణిగుంట_సర్వర్:
మీరిద్దరూ బటన్ గురించి కొట్టుకుంటున్నారు. అసలు దెబ్బ తగిలేది నా వైపు, ఫైల్ అందుకునే సర్వర్ దగ్గర. ఇంజిన్‌ఎక్స్‌లో రిక్వెస్ట్ సైజు పరిమితి మార్చకపోతే 1 ఎంబీ. పీహెచ్‌పీలో ఫైల్‌కు 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కు 8 ఎంబీ. మామూలు ఫోన్ ఫొటోనే 4, 5 ఎంబీ ఉంటుంది. కాంపొనెంట్‌లో 10 ఎంబీ వరకు అని రాసుకుని సర్వర్ వాడికి చెప్పకపోతే 413 (ఫైల్ మరీ పెద్దదన్న ఎర్రర్) తప్ప ఏమీ రాదు. ఇంకొకటి, ఏ రకం ఫైళ్లు ఎంచుకోవాలో చెప్పే యాక్సెప్ట్‌లో జేపెగ్ అని పెట్టి తలుపు వేశామనుకోకండి. అది బ్రౌజర్‌కు సలహా మాత్రమే. ఫైల్ పేరు, టైపు ఎవరైనా మార్చి పంపొచ్చు. కనీసం మొదటి బైట్లు చూడాలి, జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది. అంతటితో సరిపోదు కానీ, అది కూడా చూడని వాళ్లే ఎక్కువ. ఈ పని సర్వర్‌లో జరగాలి. కాబట్టి మీ కాంపొనెంట్ ఒకటైనా నాలుగైనా నాకు తేడా లేదు.

తోతాపురి:
413 అనగానే జూన్ గుర్తొచ్చింది అన్నా. సీజన్ మధ్యలో, గేటు బయట ట్రాక్టర్ల వరుస. ఒక పెద్దాయన చీటీకి మామిడి సొన అంటి అంకెలు మసకబారాయి. ఆయన వెలుగులో పెట్టి చక్కగా ఫొటో తీశాడు. యాప్ "ఏదో తప్పు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. ఆయన మళ్లీ అదే ఫొటో ఎంచుకున్నాడు. ఈసారి ఆ తప్పు కూడా చూపించలేదు, స్క్రీన్ కదల్లేదు. అదే ఫైల్ మళ్లీ ఎంచుకుంటే బ్రౌజర్ చేంజ్ ఈవెంట్ పంపదు, ఇన్‌పుట్ విలువను ముందు ఖాళీ చేయాలి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది, ట్రాక్టర్ పక్కన నిలబడి. ఒక్క లైన్ మార్చాను, నాలుగు స్క్రీన్లూ బాగయ్యాయి. విడివిడిగా రాసుంటే మిగతా మూడూ అలాగే ఉండేవి. నా వాదన ఇదే.

పలమనేరు_అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉదాహరణే నీకు అడ్డం తిరుగుతోంది. నువ్వు బాగుచేసింది ఫైల్ ఎక్కించే యంత్రాన్ని, కనిపించే ముఖాన్ని కాదు. ఆ యంత్రాన్ని, స్క్రీన్లన్నీ పంచుకునే కోడ్ ముక్కగా, ఒక హుక్‌గా తీసి పక్కన పెట్టు: వరుస, పర్సంటేజీ, ఆపడం, మళ్లీ పంపడం. ముఖాలు నాలుగు ఉండనీ, ఒక్కోటి యాభై లైన్లు దాటదు. పర్సంటేజీ కావాలంటే, బ్రౌజర్ నుంచి సర్వర్‌కు పంపే ఫెచ్ పద్ధతి వదిలి పాత ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ‌రిక్వెస్ట్ వాడు, ఎంత పోయిందో చెప్పే ఈవెంట్ దానికుంది.

అసలు చూసుకోవాల్సింది మళ్లీ పంపడం దగ్గర. మా ఊరి వైపు సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. ఫొటో సర్వర్‌కు చేరుతుంది, జవాబు మాత్రం వెనక్కి రాదు. యాప్ పోలేదనుకుని మళ్లీ పంపుతుంది. ఒకే లోడుకు రెండు చీటీలు. నేను చేసిన యాప్‌లో ఇలాగే ఒక రైతుకు రెండుసార్లు డబ్బు పడబోయింది. అకౌంటెంట్ బరువు అంకెలు చూసి పట్టుకున్నాడు, నా కోడ్ కాదు. ఫైల్ ఎంచుకున్న క్షణంలోనే దానికొక కీ ఇవ్వాలి. ఎన్నిసార్లు పంపినా అదే కీ వెళ్లాలి, సర్వర్ రెండోదాన్ని పక్కన పెట్టాలి. బటన్ నొక్కినప్పుడల్లా కొత్త కీ ఇస్తే ఇచ్చినట్టే కాదు.

ముక్కలుగా పంపుదామని ఎవరైనా అంటారేమో, అమెజాన్ ఫైల్ నిల్వ ఎస్3లో చివరిది తప్ప ఒక్కో ముక్క కనీసం 5 ఎంబీ ఉండాలి. మన కాటా చీటీ మొత్తమే అంత ఉండదు.

బైరాగిపట్టెడ_కుర్రోడు:
అక్కా, హుక్ బానే ఉంది. కానీ ఈ ముప్పై ప్రాప్స్ రేపు ఆ హుక్‌లోకి చేరవా? చీటీని పంపే ముందు కుదించాలి, అలాగని 3కూ 8కీ తేడా పోకూడదు. పీడీఎఫ్‌ను ముట్టుకోకూడదు. ఐఫోన్ నుంచి హెచ్ఈఐసీ రకం ఫొటో వస్తే మార్చాలి. ఇవన్నీ యంత్రం పనులే కదా, ముఖం పనులు కావు. ఆరు నెలలాగి మళ్లీ ఇక్కడికే వస్తారు చూడండి.

ఒక తమాషా కూడా చెప్తా. ఫైల్ ఇన్‌పుట్‌ను 1995లో ఆర్ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ పత్రంలో ప్రతిపాదించారు, జిరాక్స్ వాళ్లు రాశారు. ఇన్నేళ్లయినా మన స్క్రిప్టుతో అందులో ఫైల్ దారి రాయడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఏ సైటైనా మన ఫోన్‌లోంచి ఫైళ్లు లాగేసుకుంటుంది. అసలైన రీయూజబుల్ కాంపొనెంట్ అదే. అందంగా లేదని దాన్ని దాచేసి, పైన మన డబ్బా పెడతాం. దాచేటప్పుడు డిస్‌ప్లే నన్ అని రాసేసి, ట్యాబ్ కీతో వెళ్లేవాళ్లకు దారి మూసేస్తాం.

పలమనేరు_అక్క:
కుదించడం హుక్‌లో ఎందుకు? ఫైల్ ఇవ్వగానే ఫైల్ తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ చాలు. చీటీ స్క్రీన్ దాన్ని పిలుచుకుంటుంది, పీడీఎఫ్ స్క్రీన్ పిలవదు. హుక్‌కు ఆ సంగతే తెలియక్కర్లేదు. డిస్‌ప్లే నన్ సంగతి మాత్రం ఒప్పుకుంటా, నేనూ చేశాను.

తోతాపురి:
సరే అక్కా. కాటా చీటీ స్క్రీన్‌ను ఈ వారం విడదీస్తాను, కీ సంగతి అంతకన్నా ముందు. పాసుపుస్తకాల రెండు స్క్రీన్లకూ పాత కాంపొనెంట్ సరిపోతోంది కాబట్టి అలాగే ఉంటుంది. ఎక్సెల్‌ది నెలకు ఒకరే వాడతారు, దాన్ని ఇప్పుడు కదిలించను. మా సీనియర్ అడిగితే తను చెప్పినట్టు నాలుగుగా చేయలేదనే అంటాను. ఈ థ్రెడ్ లింకు మాత్రం ఆయనకు పంపను.