14 ఏళ్ల పిల్లి: గిన్నె దాకా వచ్చి ముఖం తిప్పేసుకుంటోంది, తిండి ఎలా ఎక్కించాలి?

మీసాలరాణి
ఆపరేషన్ అయిన ఆడపిల్లి, వయసు 14. ఆర్నెల్లలో 4.6 కిలోల నుంచి 3.9కి దిగింది. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుని రెండుసార్లు గుటక వేసి వెళ్లిపోతుంది. నీళ్లు మాత్రం తెగ తాగుతోంది. లిట్టర్ బాక్సులో మూత్రం ముద్దలు కూడా పెద్దవయ్యాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) 3.1, పొటాషియం 3.4, టీ4 (థైరాయిడ్) మామూలే. కిడ్నీ డైట్ రాశారు, దాన్ని ముట్టడమే లేదు. నిన్న పొద్దున్నుంచి మొత్తం కలిపి రెండు చెంచాలు తిన్నదేమో. సిరంజితో పట్టించాలా, ఆకలి మందు అడగాలా?

నల్లతోక
ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. లావు పిల్లుల్లో ఇది ఎక్కువ, కానీ చిక్కిన పిల్లికీ రాదని లేదు. అసలు జబ్బు కంటే ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది.

మీరు రాసినవాటిలో నాకు క్రియాటినిన్ కంటే ముఖ్యంగా కనిపించింది ఆ గుటక. ఆకలి లేని పిల్లి గిన్నె వైపే రాదు. వచ్చి, పెదాలు నాక్కుని, గుటక వేసి వెళ్లిందంటే కడుపులో తిప్పుతోందన్నమాట. మారాం అనుకుని రోజుకో కొత్త ఫుడ్ మారిస్తే ఒక్కోదాని మీదా విరక్తి పుట్టించినట్టే అవుతుంది. ముందు వికారం తగ్గాలి. మారోపిటాంట్ ఇస్తారు, అది చాలకపోతే ఒన్‌డాన్సెట్రాన్ కలుపుతారు.

పొటాషియం 3.4 అంటే కొంచెం తక్కువే. అది తగ్గితే కండరాలు నీరసిస్తాయి, పేగుల కదలిక మందగిస్తుంది, ఆకలి చస్తుంది. బాగా పడిపోతే మెడ నిలవదు, తల కిందికి వాలిపోతుంది. మలం గట్టిగా, గోళీల్లా వస్తోందేమో చూడండి. ఒంట్లో నీరు తగ్గిన పిల్లికి మలబద్ధకం వస్తుంది, అదొక్కటే తిండి మానిపించడానికి చాలు. నోరు తెరిపించి పళ్లు చూపించారా? బీపీ, మూత్రం చిక్కదనం కూడా చూడమనండి. కిడ్నీ పిల్లుల్లో బీపీ పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చు.

ఆకలి మందు వీటన్నిటి తర్వాతే. మిర్టాజపిన్ మాత్రను కిడ్నీ జబ్బున్న పిల్లికి సాధారణంగా రోజు విడిచి రోజు ఇస్తారు. మోతాదు ఎక్కువైతే అరుపులు, అటూ ఇటూ తిరగడం, వణుకు. చెవి లోపలివైపు రాసే ఆయింట్‌మెంట్ కూడా ఉంది, తొడుగులు వేసుకోకపోతే మీ వేళ్ల నుంచి మీ ఒంట్లోకీ వెళ్తుంది. సైప్రోహెప్టడిన్ అనే ఇంకో ఆకలి మందుతో కలిపి వాడకండి, ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది.

చారలబొజ్జ
కిడ్నీ డైట్‌ని ఇప్పటికి పక్కన పెట్టేయండి. వికారంగా ఉన్నప్పుడు పెడితే, బాగయ్యాక కూడా దాన్ని చూస్తేనే పారిపోతుంది.

3.9 కిలోల పిల్లికి రోజుకు సుమారు 195 కేలరీలు కావాలి. ఒక్కరోజులో అక్కడికి తీసుకెళ్లొద్దు. తిండి తగ్గిన పిల్లికి ఒక్కసారిగా దట్టిస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి. మొదటిరోజు మూడో వంతు, మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా. ఒక్కో పూట చెంచాడు తడి ఫుడ్, మీసాలు తగలని పళ్లెంలో, 37–38 డిగ్రీల వెచ్చగా. మైక్రోవేవ్‌లో పెడితే బాగా కలపండి, మధ్యలో ఒకచోట మాత్రం నాలుక కాలేంత వేడి ఉండిపోతుంది. అరగంటలో తినకపోతే తీసేయండి. వాసన గదిలో నిలిస్తే వికారం పెరుగుతుంది. మనుషుల కోసం చేసిన సూపులు, గ్రేవీలు వద్దు, వాటిలో ఉల్లి, వెల్లుల్లి పొడులుంటాయి. అవి పిల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి.

ఇక సిరంజి. బుగ్గ పక్క నుంచి, ఒకసారికి అర మిల్లీలీటరు, మహా అయితే ఒకటి. మింగాకే తర్వాతది. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చొంగ కార్చినా, ఉమ్మేసినా, పెనుగులాడినా ఆపేయండి. రోజుల తరబడి పట్టించాల్సి వస్తే మెడ పక్క నుంచి అన్నవాహికలోకి వేసే ట్యూబు గురించి అడగండి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పిల్లికి సిరంజి కంటే అదే సుఖం. మందులు కూడా అందులోంచే వెళ్తాయి.

మీసాలరాణి
థాంక్స్ అండి. ఇంజెక్షన్ చేసి, చర్మం కింద 120 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించారు. పొటాషియం మందు కూడా రాశారు. సాయంత్రం కొంచెం తిన్నది. సెలైన్ రోజు విడిచి రోజు ఇంట్లో ఎక్కించమన్నారు. ఇప్పుడు ముందుకాలు దగ్గర మెత్తగా గడ్డలా వేలాడుతోంది. మెడ మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడుతోంది, ఇంకాస్త ఎక్కించాలా?

వెట్‌టెక్
ఎక్కించొద్దు. ముసలి పిల్లి చర్మంలో సాగుడు పోతుంది, నీరు సరిపడా ఉన్నా అలాగే నిలబడుతుంది. చిగుళ్ల మీద వేలు పెట్టి చూడండి, తడిగా జారుతున్నాయా, ఎండి అంటుకుంటున్నాయా అన్నది దానికంటే నయమైన గుర్తు. ఆ గడ్డ ఎక్కించిన నీరే, బరువుకి కిందికి జారింది. ఆరెనిమిది గంటల్లో ఇంకిపోవాలి. మర్నాటికీ ఉంటే తర్వాతి డోసు ఆపి ఫోన్ చేయండి. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటినా అంతే, ఒంట్లో నీరు ఎక్కువై ఉండొచ్చు.

ఇంట్లో ఎక్కించేటప్పుడు బ్యాగును గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మీ మణికట్టు మీద చుక్క వేసి చూడండి. చల్లటి సెలైన్‌కే పిల్లులు ఎక్కువ ఎదురుతిరుగుతాయి. ట్యూబులో గాలి పోయేదాకా కాస్త వదిలేయండి. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి, 18 లేదా 20 గేజ్ సూదిని మొన దగ్గరి వాలుకోత పైకి ఉండేలా, వెన్నుకు సమాంతరంగా దింపండి. బొచ్చు తడిసిందంటే సూది అవతలికి వచ్చేసిందన్నమాట. ప్రతిసారీ కొత్త సూది. డెక్స్ట్రోజ్ (చక్కెర) ఉన్న బ్యాగు చర్మం కింద వాడకూడదు, అక్కడ పుండు పడుతుంది.

నల్లతోక
నీరు చేరాక క్రియాటినిన్ మళ్లీ చేయించండి. ఒళ్లు ఎండినప్పుడు తీసిన 3.1తో కిడ్నీ జబ్బు ఏ స్టేజీలో ఉందో తేల్చలేం.

వారం పాటు బాగా తిన్నాక కిడ్నీ డైట్ ఒక చెంచా వేరే పళ్లెంలో పక్కన పెట్టండి, తాకితే మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. తాకకపోతే మామూలు ఫుడ్డే పెడుతూ, ఫాస్ఫరస్ ఎక్కువుంటే దాన్ని పట్టే మందు అడగండి. అది తిండిలో కలిపే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే పని చేయదు.