వడ్రంగి పిట్ట తల మెత్తా, సుత్తా?

అచ్చంపేట_సైన్స్‌సార్:
పిల్లలతో మన్ననూరు అడవికి వెళ్తే ఎండిన మోడు మీద బంగారు వీపు వడ్రంగి పిట్ట కనబడింది. దానికి తలనొప్పి రాదా అని ఒకడు అడిగాడు. పుర్రెలోని స్పాంజి లాంటి ఎముక దెబ్బను పీల్చుకుంటుందని చెప్పాను. ఎప్పటి నుంచో చెప్తున్నదే కదా. అది తప్పని తోటి టీచర్ వాదన. మీరేమంటారు?

దేవరకొండ_కార్పెంటర్:
సుత్తికి గుడ్డ చుట్టి కొడితే మేకు దిగుతుందా సార్? దెబ్బను తలే మింగేస్తే చెక్కకు మిగిలేదేంటి?

నల్లగొండ_బర్డర్:
కార్పెంటర్ అన్న మాటే 2022లో బెల్జియం ఆంట్‌వెర్ప్ యూనివర్సిటీ వాళ్లు తేల్చారు. మూడు జాతుల వడ్రంగి పిట్టలను హైస్పీడ్ కెమెరాతో తీసి చూశారు. మధ్యలో స్పాంజి పని చేస్తే, ముక్కు టక్కున ఆగినా తల కాస్త నెమ్మదిగా ఆగాలి. అట్లా జరగలేదు, రెండూ ఒకేలా ఆగాయి. అంటే తల మొత్తం గట్టి సుత్తే. మరి మెదడు ఎట్లా బతికింది అంటే, అది చాలా చిన్నది. అంత చిన్న మెదడులో ఆ దెబ్బకు పుట్టే ఒత్తిడి, మన మెదడు దెబ్బతినే స్థాయికి చేరదు.

పాలమూరు_నర్స్:
అంత ధీమా వద్దు. 2018లో అమెరికాలో వడ్రంగి పిట్టల మెదళ్లు పరీక్షిస్తే టౌ ప్రోటీన్ పేరుకుని కనిపించింది. తలకు పదేపదే దెబ్బలు తగిలిన మనుషుల్లోనూ ఇదే పేరుకుంటుంది. చెట్టు పొడవని బ్లాక్‌బర్డ్‌లలో మాత్రం కనిపించలేదు.

నల్లగొండ_బర్డర్:
నిజమే మేడమ్. కానీ టౌ ఉంటే జబ్బున్నట్టేనా? అది రక్షణ కోసం కూడా కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. ఒకవేళ నష్టమే అనుకున్నా, అది స్పాంజి వాదనకేం బలం? దెబ్బ లోపలికి వెళ్తోందనే కదా అర్థం!

అచ్చంపేట_సైన్స్‌సార్:
సరే, నాలుక ఎముక సంగతి? పుర్రె వెనక నుంచి పైకి తిరిగి నుదుటి దాకా వస్తుంది. అది సీటు బెల్టు కాదా?

నల్లగొండ_బర్డర్:
అంత పొడవు ఎముక ఉన్నది నాలుకను బారుగా చాపి బొరియలోని చీమలను, పురుగులను లాగడానికి. మన బంగారు వీపు పిట్ట నేల మీద దిగి చీమలు తినేటప్పుడు చూడండి, నాలుక పని తెలుస్తుంది. నాకైతే తల కన్నా కాళ్లు, తోకే వింత. ముందుకు రెండు వేళ్లు, వెనక్కి రెండు. మన పిట్టకు వెనక వేళ్లలో ఒకటి ఉందా లేదా అన్నంత చిన్నది. బిరుసైన తోక ఈకలను కాండానికి ఆనించి, వాటి మీద బరువు వేసి కొడుతుంది. బైనాక్యులర్‌లో ముందు తోక చూడమని పిల్లలకు చెప్పండి.

దేవరకొండ_కార్పెంటర్:
మేమూ కాలు ఆనించే కొడతాం. అది సరే, మా ఇంటి వెనక ఎండిన వేప మోడు ఉంది, అందులో ఈ పిట్ట తొర్ర చేసింది. మావాళ్లు నరకమంటున్నారు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపమని చెప్పా, తప్పంటారా?